తెరలో పెదవేగి

2021 చివర్లో కళాశాలలు మళ్ళీ తెరుచుకున్నాక, మా డిగ్రీ చరిత్ర విద్యార్థుల్ని పెదవేగి తీసుకువెళ్దామనుకున్నాం. ఏలూరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. పొద్దున వెళితే మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగి రావచ్చు. ఇళ్ళకు అనుమతి పత్రాలు పంపాం. మగపిల్లలవి మర్నాడే సంతకాలతో వచ్చేశాయి. ఆడపిల్లలవి సగం రాలేదు. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చే ఒకమ్మాయి తండ్రికి నేనే ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. "కిందటేడు మీరే ఫోన్లో చూపించారు కదండీ మేడం గారూ, దిబ్బలూ ఇటుకలూ అన్నీ. మా పిల్ల మాక్కూడా చూపెట్టింది. చూసిందే చూడ్డానికి మళ్ళీ అంత దూరం ఎందుకండీ?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే, లాక్‌డౌన్ రోజుల్లో పెదవేగిని ఫోన్లోకి ఎక్కించి, ఎంతో గర్వంగా పిల్లలందరికీ పంపింది నేనే. బయటికి రాలేని ఆడపిల్లలకు ఇదొక కిటికీ అనుకున్నాను. ఆ కిటికీని చూపించే తలుపు మూస్తారని అప్పుడు ఊహించలేదు.

తెలుగులో తెర అనే మాటకు రెండర్థాలున్నాయి. బొమ్మ కనబడేదీ తెరే, మనిషి కనబడకుండా అడ్డంగా కట్టేదీ తెరే. వృత్తి జీవితంలో కంప్యూటర్లు సృష్టించిన వర్చువల్ లోకాల గురించి ఆలోచించినప్పుడల్లా ఈ రెండర్థాలూ నాకు కలిసే గుర్తొస్తున్నాయి. ఆ లోకాల వల్ల ఉపయోగం లేదని నేను అనను, ఉంది. కానీ స్త్రీల విషయంలో ఒక ప్రశ్న అదనంగా వేసుకోవాలి. ఈ లోకాన్ని మనకు ఇస్తున్నది అసలు లోకంలోకి వెళ్ళడానికా, వెళ్ళకుండా ఉండడానికా?

ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. కోస్తా జిల్లాల్లో భూములున్న కొన్ని కులాల ఇళ్ళలో ఘోషా ఉండేది. ఆ ఇళ్ళ స్త్రీలు పురాణ కాలక్షేపమైనా, సభ అయినా తెర వెనక కూర్చుని వినాల్సిందే. అదే ఊళ్ళో నాట్లు వేసే స్త్రీలకు, చేపల గంప నెత్తినెత్తుకుని తిరిగే స్త్రీలకు తెరా లేదు, తెర వెనక నీడా లేదు. ఒకరికి లోకాన్ని వినడం తప్ప చూడడం లేదు, ఇంకొకరికి లోకంలో చాకిరీ తప్ప చదువు లేదు.

అటువంటి కాలంలో భండారు అచ్చమాంబ బడి మొహం చూడకుండానే, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ వంటి భాషలు ఇంట్లోనే పట్టుబడ్డాయి. ఇంట్లో కూర్చునే మన దేశపు స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1901లో అది అచ్చయింది. కాగితం మీది ఆ లోకమే ఆమెకు చాలా కాలం బయటి లోకం. అయితే అచ్చమాంబ అక్కడే ఆగిపోలేదు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీల సమాజం స్థాపించింది. ఆ తర్వాత ఊళ్ళు తిరిగి స్త్రీలను కూడగట్టింది. 1905లో, ముప్పయ్యొకటో ఏటే చనిపోయింది. చదివిన లోకం ఆమెను బతికే లోకంలోకి నడిపించింది. తెరకు రెండు వైపులా ఆమెకు రాకపోకలు ఉన్నాయి.

ఇక యంత్రాల సంగతి. వృత్తి కోసం తయారుచేసిన మొదటి కృత్రిమ లోకాల్లో ఒకటి విమానం నడపడం నేర్పేది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తండ్రికున్న ఆర్గాన్ వాద్యాల కర్మాగారంలోని తిత్తులూ గొట్టాలూ వాడి, నేల మీదే ఊగుతూ తిరిగే ఒక చిన్న విమానపు డొల్లను 1929లో తయారుచేశాడు. కిటికీ మూసి, ముళ్ళు చూసి నడపాలి. తప్పు చేస్తే ఎవరూ చావరు, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. వృత్తిలో వర్చువల్ లోకాల ప్రధాన ప్రయోజనం ఈనాటికీ ఇదే. ప్రాణాలు పోయే పనిని ప్రాణాలు పోకుండా తప్పులు చేసి నేర్చుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం ఈ లింక్ యంత్రాల మీద పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి తన మహిళా విభాగం వేవ్స్‌లోని స్త్రీలను నియమించింది. యువకులకు విమానం నడపడం వాళ్ళు నేర్పారు. నేర్చుకున్న యువకులు ఆకాశంలోకి వెళ్ళారు, నేర్పిన స్త్రీలు ఆ డొల్ల పక్కనే ఉండిపోయారు. అమెరికా నౌకాదళం మొట్టమొదటి మహిళా పైలట్లకు రెక్కల బ్యాడ్జీలు ఇచ్చింది 1974లో. ఈ చరిత్ర చదివినప్పుడు మా విద్యార్థిని తండ్రి మాట నాకు మళ్ళీ వినిపించింది. ఉత్తుత్తి విమానం ఆడవాళ్ళకి, అసలు విమానం మగవాళ్ళకి.

1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తెరను తయారుచేశాడు. తల తిప్పితే అందులోని దృశ్యం కూడా తిరిగేది. ఆ పరికరం ఎంత బరువంటే దాన్ని పైకప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. అక్కణ్ణించి ఆసుపత్రులదాకా వచ్చేసరికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. పిత్తాశయం తీసే కీహోల్ శస్త్రచికిత్సను ముందుగా వర్చువల్ యంత్రం మీద అభ్యసించిన యువ వైద్యులు, తర్వాత నిజమైన రోగి శరీరం మీద ఆ పనిని 29 శాతం తక్కువ సమయంలో చేశారు. అలా అభ్యసించని వాళ్ళు పిత్తాశయాన్ని గాయపరచడం, తగలకూడని చోట కాల్చడం అయిదు రెట్లు ఎక్కువగా జరిగింది. ఇది చిన్న ప్రయోజనం కాదు. రోగి బల్ల మీద పడుకున్న ఏ స్త్రీ అయినా దీన్ని కాదనదు.

మన దగ్గర కూడా ఇటువంటి ప్రయత్నమే మరో రూపంలో జరిగింది. కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ చేపట్టిన వర్చువల్ ల్యాబ్స్ పథకంలో ఐఐటీలతో పాటు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. పరికరాలు లేని కళాశాలల పిల్లలు కంప్యూటర్ మీద ప్రయోగాలు చేసి చూడవచ్చు. ప్రయోగశాల తాళం ఎప్పుడూ వేసే ఉండే కళాశాలల్లో పనిచేసిన వాళ్ళకు దీని విలువ తెలుసు. ఆ తాళం తీయకపోవడానికి ఇదొక సాకు కాగలదని కూడా తెలుసు.

పని నేర్చుకోవడం దాటి, పని జరిగే చోటే వర్చువల్ లోకంలోకి మారుతుందన్న ఆశ 2003లో మొదలైన సెకండ్ లైఫ్‌తో బలపడింది. అందులో ప్రతి మనిషికీ ఒక బొమ్మ రూపం. దాని పేరు మన మాటే, అవతార్. అవతారం అక్కడికి వెళ్ళి 'అం' పోగొట్టుకుని మన దగ్గరికే తిరిగొచ్చింది. స్వీడన్ 2007లో అక్కడొక దౌత్య కార్యాలయం తెరిచింది. రాయిటర్స్ విలేఖరిని పెట్టింది. ఐబీఎం 2008లో రెండు వందల మందికి పైగా నిపుణులతో అక్కడ ఒక సదస్సు జరిపి, ప్రయాణాలూ హోటళ్ళూ లేకపోవడంతో లక్షల డాలర్లు ఆదా అయిందని లెక్క చెప్పింది. యాజమాన్యం ఇలా లెక్కలు వేసుకోవడానికి ఏడాది ముందే, 2007 సెప్టెంబరులో, ఇటలీలోని ఐబీఎం ఉద్యోగులు వేతనాల వివాదంలో అదే లోకంలో సమ్మె చేశారు. ముప్పై దేశాల నుంచి సుమారు 1850 మంది బొమ్మలుగా వచ్చి ప్లకార్డులు పట్టుకు నిలబడ్డారు. యజమాని కట్టిన మేడలోకి కార్మికులు కూడా ప్రవేశించగలరని తేలింది. ఈ సంఘటన నాకు ఇష్టం. అయితే ఈ లోకాలు ఎవరి సొంతమో మర్చిపోకూడదు. గూగుల్ 2008 జూలైలో లైవ్లీ అనే లోకాన్ని తెరిచి ఆ డిసెంబరులోనే మూసేసింది. మైక్రోసాఫ్ట్ చేతిలోని ఆల్ట్‌స్పేస్ 2023లో, మొజిల్లా హబ్స్ 2024లో మూతపడ్డాయి. అక్కడ తరగతులు కట్టుకున్న టీచర్లు, ప్రదర్శనలు పెట్టుకున్న కళాకారిణులు మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. పట్టా లేని స్థలంలో కట్టుకున్న ఇల్లు ఎంత గట్టిదైనా ఏం లాభం?

స్త్రీలకు ఈ లోకాలు చేసిన వాగ్దానం మరొకటుంది. ఇక్కడ శరీరం లేదు కనుక శరీరం వల్ల వచ్చే బాధలు లేవు అన్నది ఆ వాగ్దానం. చరిత్ర దీన్ని మొదట్నుంచీ అబద్ధం చేస్తూనే వచ్చింది. 1993లో లాంబ్డామూ అనే, కేవలం అక్షరాలతో నడిచే లోకంలో ఒకడు ఇతరుల పాత్రలను తన అధీనంలోకి తీసుకుని అందరి ముందూ వాటిపై లైంగిక హింస చేయించాడు. జరిగినదంతా అక్షరాలే. కానీ ఆ పాత్ర వెనక ఉన్న స్త్రీ సియాటిల్‌లో తన గదిలో కూర్చుని ఏడ్చిందని జూలియన్ డిబ్బెల్ రాశాడు. 2006లో, సెకండ్ లైఫ్‌లో స్థలాల వ్యాపారం చేసి పది లక్షల డాలర్ల ఆస్తి కూడబెట్టానని ప్రకటించిన ఐలీన్ గ్రేఫ్ ఆ లోకంలోనే ఒక ఇంటర్వ్యూ ఇస్తుంటే, అశ్లీలమైన బొమ్మలను ఆమె మీదికి ఎగరేసి సభను చెడగొట్టారు. విజయం సాధించిన వ్యాపారవేత్తను వేదిక మీద ఏ రకంగా అవమానించాలో వాళ్ళు కొత్తగా కనిపెట్టలేదు. 2021లో మెటా సంస్థ హొరైజన్ వరల్డ్స్‌లో స్త్రీల అవతారాలను తడిమిన ఫిర్యాదులు వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రతి అవతారం చుట్టూ కొన్ని అడుగుల అదృశ్య వలయం ఏర్పాటు చేసింది. బస్సులో మనం బ్యాగు అడ్డం పెట్టుకునే ఉపాయమే అది.

పైగా శరీరం నిజంగా లేకుండా పోలేదు. 2020లో కే స్టానీ బృందం చేసిన పరిశోధన ప్రకారం హెడ్‌సెట్ పెట్టుకున్న స్త్రీలకు వచ్చే తలతిప్పుకు ఒక ముఖ్య కారణం, ఆ పరికరంలో కటకాల మధ్య దూరం వాళ్ళ కళ్ళ మధ్య దూరానికి సరిపోకపోవడమే. పరికరాన్ని మగవాడి ముఖం కొలతతో చేసి, తల తిరిగితే అది ఆడదాని బలహీనత అన్నారు. వీడియో సమావేశాల మాటకొస్తే, 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన సర్వేలో వాటివల్ల తీవ్రంగా అలసిపోతున్నామన్న వాళ్ళు స్త్రీలలో 13.8 శాతం, పురుషులలో 5.5 శాతం. తన ముఖాన్ని తానే చూసుకుంటూ పనిచేయాల్సి రావడం అందుకు ఒక కారణమని వాళ్ళు చెప్పారు. వెనక గోడ మీద మరకలు కనబడకుండా, వంటింట్లో కుక్కరు కూత వినబడకుండా పాఠం చెప్పిన నాకు ఆ అంకెలు కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు మా పెదవేగి దగ్గరికి వద్దాం. వేంగి అంటే శాలంకాయనుల రాజధాని, తర్వాత తూర్పు చాళుక్యుల రాజధాని. టాలమీ తన భూగోళ గ్రంథంలో శాలంకాయనులనూ వాళ్ళ నగరాన్నీ పేర్కొన్నాడు. అంతటి నగరం ఇప్పుడు ఊరి చుట్టూ దిబ్బలు, ఇటుక ముక్కలు. 1980లలో భారత పురావస్తు సర్వే శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపి ఇటుక కట్టడాల పునాదులు బయటపెట్టింది. వెళ్ళిన వాళ్ళకు మొదట నిరాశే. "ఇంతేనా మేడం?" అంటారు పిల్లలు. అందుకే లాక్‌డౌన్‌లో, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పాత విద్యార్థి ఒకడు నేను తీసిన ఫొటోలతో ఆ పునాదుల మీద గోడలు లేపి, వీధులు వేసి, ఒక చిన్న వేంగీ నగరాన్ని కంప్యూటర్లో కట్టి ఇస్తే పొంగిపోయాను. ఫోన్‌ను వేలితో తిప్పుతూ పిల్లలు రాచవీధిలో నడిచారు. ఎన్నడూ ప్రశ్న అడగని అమ్మాయిలు ప్రశ్నలు అడిగారు. అమరావతి శిల్పాల్లో పెద్ద భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం వెబ్‌సైట్‌లో వాటిని దగ్గరగా చూసి, దానాలు చేసిన వాళ్ళలో అంతమంది స్త్రీలు ఉన్నారా అని ఆశ్చర్యపోయారు. మా పిల్లలకు లండన్ వెళ్ళే దారి లేదు. ఆ తెర లేకపోతే ఆ స్త్రీల పేర్లు వాళ్ళకు చేరేవి కావు.

కానీ కొన్ని రోజులకు మా వేంగిలో ఏదో లోపం నాకు తట్టింది. ఆ నగరంలో రాజు ఉన్నాడు, సైనికులు ఉన్నారు, ఏనుగులు ఉన్నాయి. స్త్రీలు ఇద్దరే. రాజుకు అటూ ఇటూ చామరం వీస్తూ నిలబడ్డారు. ఇద్దరికీ ఒకటే ముఖం. అడిగితే మా విద్యార్థి నిజం చెప్పాడు: "రెడీమేడ్‌గా దొరికే బొమ్మల్లో పాతకాలం ఆడవాళ్ళంటే అవే ఉన్నాయి మేడం." అప్పుడు నేను చామెకాంబ గురించి చెప్పాను. 10వ శతాబ్దంలో రెండో అమ్మరాజు వేయించిన కలుచుంబర్రు శాసనంలో ఆమె కనబడుతుంది. పట్టవర్ధిక వంశానికి చెందిన గణిక. జైన గురువు అర్హనంది శిష్యురాలు. అత్తిలి విషయంలోని ఒక గ్రామం సర్వలోకాశ్రయ జినభవనపు భోజనశాల మరమ్మత్తుల కోసం దానంగా వెళ్ళింది ఆమె ప్రోద్బలంతోనే. తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చే పిల్లలకు అత్తిలి పక్క ఊరే. వృత్తి ఉన్న, మాట చెల్లిన, మతం విషయంలో సొంత నిర్ణయం ఉన్న స్త్రీ. ఆమెను పెట్టగలవా అన్నాను. "ఎలా ఉంటుంది మేడం? ఏ చీర? ఎంత వయసు?" అన్నాడు.

ఏం చెప్పను? శాసనం ఆమెను పొగిడింది గాని చూపించలేదు. పైగా మేం కట్టిన గోడలు శాలంకాయనుల కాలపు పునాదుల మీదివి, ఆమె అయిదు వందల ఏళ్ళ తర్వాతది. రాసేటప్పుడు 'బహుశా' అంటాను, 'అయి ఉండవచ్చు' అంటాను. చరిత్రకారులకు ఆ మాటలు పనిముట్లు. బొమ్మకు 'బహుశా' తెలియదు. గోడ ఉంటుంది లేదా ఉండదు, చీర ఎర్రదో పచ్చదో అయి తీరాలి. ఇటువంటి పునర్నిర్మాణాల్లో ఏది ఆధారం, ఏది ఊహ అన్నది చూసేవాళ్ళకు స్పష్టంగా తెలియాలని 2006 నాటి లండన్ చార్టర్ సూత్రీకరించింది. మేము ఆ సూత్రాన్ని మా స్థాయిలో పాటించాం. ఆధారం ఉన్న పునాదుల్ని ఇటుక రంగులో ఉంచి, ఊహించినదంతా బూడిద రంగు చేశాం. నగరం దాదాపు మొత్తం బూడిద అయిపోయింది. చామెకాంబను బొమ్మగా పెట్టలేదు. ఒక ఖాళీ స్థలంలో ఆమె పేరు, శాసనం చెప్పిన సంగతులు మాత్రం ఉంచాం. పిల్లలు ఎక్కువసేపు ఆగింది అక్కడే.

ఈ లోకాల్లో చోటు లేని పనులు కూడా కొన్ని ఉన్నాయి. వృత్తి జీవితం అనగానే మనకు బల్లా కుర్చీ కనబడతాయి. కొల్లేటి స్త్రీల వృత్తులు నీళ్ళలో, బురదలో, సంతలో ఉన్నాయి. కొల్లేరును ఉపగ్రహాల కంటితో ఎన్నోసార్లు చూశారు. 2001 నాటి ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన ఒక అధ్యయనం, అయిదో కాంటూరు లోపలి సరస్సులో సుమారు 42 శాతాన్ని చేపల చెరువులు ఆక్రమించాయని లెక్కగట్టింది. ఆ లెక్క అవసరమైనదే, అది లేకుండా సరస్సుకు జరిగిన అన్యాయం రుజువయ్యేది కాదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చేశారు. అంత ఎత్తు నుంచి గట్లు గీతల్లా కనబడతాయి. ఆ గట్ల మీద కూలికి వచ్చే ఆడవాళ్ళు కనబడరు. కూలి పోయాక ఎటు వెళ్ళారో అసలే కనబడదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు లంకలకు వెళ్ళి, గుమ్మంలో కూర్చుని అడగాలి.

ఆ రోజు తండ్రిగారితో నేను చివరికి ఇలా అన్నాను: "నేను ఫోన్లో చూపించింది దారండీ, ఊరు కాదు." ఆయన ఆలోచిద్దామన్నారు. అమ్మాయి రాలేదు. వచ్చిన పదకొండు మంది ఆడపిల్లలు దిబ్బ ఎక్కారు. మేకలు తోలుకొచ్చిన ఒక ముసలామె వాళ్ళను పిలిచి, తమ చిన్నప్పుడు ఆ పెద్ద ఇటుకల్ని తవ్వుకెళ్ళి పొయ్యిగడ్డలుగా పెట్టుకునేవాళ్ళమని చెప్పింది. రాజధాని ఏమైపోయిందన్న ప్రశ్నకు ఒక జవాబు ఆమె దగ్గర దొరికింది. మా బొమ్మల నగరంలో ఆ జవాబు లేదు. తిరిగొచ్చాక మా విభాగంలో ఒక నియమం పెట్టుకున్నాం. వర్చువల్ పర్యటన దిబ్బ మీదికి వెళ్ళే ముందు పాఠం మాత్రమే, దానికి హాజరు వేయం. ఏ ఇంట్లోనూ దాన్ని సంతకానికి బదులుగా చూపించకూడదని.

రాని ఆ అమ్మాయికి తర్వాత పెళ్ళయింది. ఇప్పుడు ఇంటి నుంచే ఒక కంపెనీకి పనిచేస్తోంది. జీతం సొంత ఖాతాలో పడుతుంది, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడం లేదని చెప్పింది. నాకు సంతోషమనిపించింది. ఆ ఉద్యోగం తెర లేకపోతే ఆమెకు వచ్చేది కాదు. మొన్న ఫోన్ చేసినప్పుడు మాటల మధ్యలో అంది: "రోజూ నాలుగు దేశాల వాళ్ళతో మాట్లాడతానండీ మేడం. ఏలూరు బస్సెక్కి మాత్రం ఏడాది దాటింది." కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే అడిగింది, ఈసారి పిల్లల్ని పెదవేగి ఎప్పుడు తీసుకెళ్తున్నారని. సంక్రాంతి వెళ్ళాక అన్నాను.

"నాక్కూడా ఒక సీటు ఉంచండి. ఈసారి ఎవర్నీ సంతకం అడగను" అంది.